తొమ్మిది వారాలు దిగని చెయ్యి

మా అమ్మ కంటి ఆపరేషన్ రెండుసార్లు వాయిదా పడింది. రెండుసార్లూ తప్పు నాదే. నేను డాక్టర్ని కాను కాబట్టి ఈ మాటకు కొంత వివరణ కావాలి. మా వైపు వివరణ అంటే వెనకటి కథ నుంచి మొదలుపెట్టాలి. మొదలుపెడతాను. మీకు తొందరున్నా నాకు లేదు, నేను సీరియళ్లకు రాసినవాడిని.

హైదరాబాద్‌లో ఆ సీరియల్‌కు మేం నలుగురు రచయితలం. మొదటాయన కథ చెబుతాడు. ఆయన్ని అందరూ కథ సార్ అనేవాళ్లు. రెండో ఆయన ఆ కథను సీన్లుగా విడగొడతాడు. మూడో ఆయన ముఖ్యమైనవాళ్ల మాటలు రాస్తాడు. నాలుగోవాడిని నేను. ముఖ్యం కానివన్నీ నావి: పాలవాడు, పూజారి, "అమ్మగారూ, మీకు ఫోన్" అని వచ్చే పనిమనిషి, ఇంకా గతం. గతం ముఖ్యం కాదా అని అడగకండి. మా ఆఫీసులో కాదు.

టైటిల్స్‌లో నా పేరు కూడా పడేది. మా ఇంట్లో అమ్మ అంటే అవ్వ, నాన్న అంటే బాపు. అవ్వకు అక్షరాలు రావు, బాపు చదివి చెప్పాలి. ఆయన కళ్లజోడు వెతుక్కునే లోపు నా పేరు వెళ్లిపోయి, కెమెరా సామాన్లు అద్దెకిచ్చినాయన పేరు వచ్చేది. మా బొగ్గుబావుల కాలనీలో చాలామంది నాది కెమెరాల దుకాణం అనుకున్నారు. నేను సరిదిద్దలేదు. ఆ పనికి కొంచెం గౌరవం ఉంది.

ఇక అవ్వ కన్ను. చిన్నప్పుడు ఖానాపూర్ పక్క ఊళ్లో పత్తి కట్టె గుచ్చుకొని ఎడమ కన్ను పోయింది. దానితో ఆమెకు వెలుతురు, చీకటి మాత్రమే తెలుస్తాయి. మిగిలింది కుడి కన్ను. దానికి పొర వచ్చింది. నేను, బాపు కలిసి ఆమెను కరీంనగర్ కంటి దవాఖానకు తీసుకుపోయాం. డాక్టరు అడిగింది చిన్న ప్రశ్న.

"ఎప్పటి నుంచి మసకగా ఉందమ్మా?"

"గదే సారూ," అంటూ అవ్వ కుర్చీలో సర్దుకుని కూర్చుంది. ఆ సర్దుకోవడం నాకు తెలుసు. తలుపు బయట ఎంతమంది ఉన్నారోనని వెనక్కి తిరిగి చూశాను. "మా చిన్నాయిన బిడ్డ పెండ్లికి ఖానాపూర్ పోయినం. పోయినమా, ఆడ పందిట్ల ఒకామె ఎదురైంది. గామె ఎవలంటే మా పెద్దమ్మ తోడికోడలు. తోడికోడలంటే సొంతం గాదు, వరుసకు."

డాక్టరు పెన్నుకు మూత పెట్టాడు.

"నేను గామెను జూసి ఇంకొకామె అనుకున్న. పాపం, నీ మొగడు పోయిండట గదా అక్కా అన్న. అంటే, ఆమె మొగడు పక్కపొంటే నిలబడి ఉన్నడు సారూ. పెండ్లి బట్టలేసుకొని."

"అది ఎప్పుడు?"

"గదే చెప్తున్న. గా పెండ్లి ఎందుకు ఆలస్యమైందంటే..."

డాక్టరు కాగితం మీద "ఏడాదిగా" అని రాసుకున్నాడు. పొర బాగా ముదిరిందని, ఆలస్యం చేయొద్దని చెప్పి, రెండు వారాల తర్వాతి తేదీ ఇచ్చాడు. అవ్వ మాత్రం బయటికొచ్చాక, "మంచోడే గని, ఏది పూరాగ చెప్పనియ్యడు," అంది.

అదే వారంలో మా సీరియల్‌లో అత్త చెయ్యి లేచింది.

కోడలు, అత్తగారి తాళం వేసిన ఇనుప పెట్టె తెరిచింది. అత్త చూసింది. నడుచుకుంటూ వచ్చి చెయ్యి లేపింది. హాల్లో ఉన్న తొమ్మిదిమంది మొహాలూ మూడేసి సార్లు చూపించాం. అప్పటికే అరగంట ఎపిసోడ్ అయిపోయింది. రేపు చెయ్యి దిగాలి, కోడలు ఏడవాలి. కానీ ఏడవాల్సిన అమ్మాయికి పెళ్లి కుదిరింది. సెలవు మీద వెళ్లి చీరలు కొనుక్కుంటోంది.

కథ సార్ నావైపు తిరిగాడు. "చెయ్యి లేచింది కదా, అక్కడే ఆపేద్దాం. ఆ అత్త అలా ఎందుకు తయారైందో గతంలోకి వెళదాం. పడుచు అత్తగా వేరే అమ్మాయిని పెట్టుకుందాం. మీ వైపు బొగ్గు గనులుంటాయి కదయ్యా? కొత్తగా ఉంటుంది. ఒక్క వారం లాగు చాలు."

సీరియల్‌లో గతం ఎందుకొస్తుందో చూసేవాళ్లకు తెలియదు. పాత్ర లోతు కోసం అని కొందరు చదువుకున్నవాళ్లు అంటారు. నేనూ చదువుకున్నాను, కరీంనగర్‌లో డిగ్రీ దాకా. లోతు కోసం గతం రాయమని నన్ను ఎవరూ ఎప్పుడూ అడగలేదు. ఎవరో సెలవు పెడితే అడిగారు. ఒకసారి హీరోకు పచ్చకామెర్లు వస్తే, ఆయన తాతగారి స్వాతంత్ర్యోద్యమం రాశాను.

ఆ అమ్మాయి పెళ్లికి రెండు వారాలు. పెళ్లయ్యాక మొగుడితో ఊళ్లు తిరగడానికి ఇంకో రెండు వారాలు. తిరిగొచ్చాక ఎండకు నల్లబడిందని మళ్లీ వారం. అత్త వేషం వేసే పెద్దావిడ హాయిగా ఇంట్లో ఊరగాయలు పెట్టుకుంది. చెయ్యి మాత్రం మా దగ్గరే ఉండిపోయింది. రోజూ ఎపిసోడ్ మొదట్లో ఒకసారి ఆ లేచిన చెయ్యి చూపించి, మళ్లీ గతంలోకి పోయేవాళ్లం.

ఆపరేషన్‌కు ముందురోజు బాపు ఫోన్ చేశాడు. బాపుకు బాయిలో, అంటే బొగ్గుబావిలో, డ్రిల్లింగ్ మిషన్ పక్కన ఏళ్ల తరబడి పనిచేసి వినికిడి తగ్గింది. అందుకని ఫోన్‌లో ఆయన మాట్లాడితే మనకు వినికిడి తగ్గుతుంది.

"ఏమ్రా, గా చెయ్యి ఎప్పుడు దించుతవు?"

"ఏ చెయ్యి బాపూ?"

"ఎవల చెయ్యో నాకేం ఎర్క! గా చెయ్యి దిగినంకనే దవఖానకు అస్తదట మీ అవ్వ. రేపు పొద్దుగాలకు కారు మాట్లాడిన. ఎక్కనంటుంది."

అవ్వ ఫోన్ తీసుకుంది. "కన్ను కోసినంక నలభై రోజులు టీవీ సూడద్దట బిడ్డా."

"డాక్టర్ చెప్పిండా?"

"డాక్టర్‌కేం ఎర్క? పక్కింటి వదినె చెప్పింది. గామెకు రెండు కండ్లు అయినయి. డాక్టర్‌కు ఒక్కటన్న అయిందా?"

అన్ని ఎపిసోడ్లూ ఫోన్‌లో దొరుకుతాయి, నలభై రోజుల తర్వాత అన్నీ కలిపి చూసుకోవచ్చని చెప్పాను.

"అందరు సూసినంక సూసుడేంది? ఎంగిలి," అంది. "కొడ్తదా, కొట్టదా? గది చెప్పు ముందు."

"వచ్చే వారం తేలిపోతది అవ్వా."

అబద్ధం. అప్పటికి పెళ్లికూతురు ఊటీకి పెట్టె సర్దుకుంటోంది. బాపు దవాఖానకు ఫోన్ చేసి అవ్వకు జ్వరమని చెప్పాడు. డాక్టరు ఇంకో తేదీ ఇచ్చాడు.

ఈ మధ్యలో నా దగ్గర సరుకు అయిపోయింది. వారానికని అడిగిన గతం నెల దాటింది. పడుచు అత్తకు చదువు, ప్రేమ, పెళ్లి అన్నీ అయిపోయాయి. కథ సార్‌కు బొగ్గు గనులు కావాలి. నాకు తెలిసిన బొగ్గు గనులు మా ఇంట్లో ఉన్నాయి. తీసి రాసేశాను.

అవ్వ పెళ్లయి వ్యవసాయం ఊరి నుంచి కాలనీ క్వార్టర్‌కు వచ్చిన కొత్తలో మొదటిసారి షిఫ్టు సైరన్ విన్నది. ప్రపంచం మునిగిపోతుందనుకొని, బట్టల మూట, ఇత్తడి చెంబు పట్టుకుని వీధిలోకి ఉరికింది. వీధిలో జనమంతా టిఫిన్ డబ్బాలు పట్టుకుని తాపీగా డ్యూటీకి పోతున్నారు. వాళ్లకు ఈమె కనబడింది, ఆ వారమంతా కాలనీకి వేరే ముచ్చట లేదు. దాన్ని రాశాను. తర్వాత ఆమె ఆ సైరన్‌నే గడియారం చేసుకుని, ఇన్ని సైరన్లకు బియ్యం, ఇన్ని సైరన్లకు పప్పు అని వండడం నేర్చుకుంది. అదీ రాశాను. ఆ తర్వాత తెల్లచీర.

తెల్లచీర సంగతి చెప్పాలంటే బాపమ్మ గురించి చెప్పాలి. బాపమ్మ అంటే బాపు తల్లి. తాత పోయాక ఆమె తెల్లచీరలే కట్టేది. ఉన్నవాటిలో ఒకటి మంచిది, చెన్నూరులో చుట్టాల ఇంట్లో ఏదైనా జరిగితే కట్టుకుపోయేది. అలాంటి ఒక కార్యానికి ముందురోజు అవ్వ ఆ చీరను, బాపు బాయి బట్టలను ఒకే బకెట్లో నానబెట్టింది. తప్పు ఆమెది కాదు. ఆమె పుట్టిన ఊళ్లో మట్టి బట్టలుంటాయి, మట్టి ఉతికితే పోతుంది. బొగ్గు అలా పోదు. ఒక బట్టను వదిలి ఇంకో బట్టకు పోతుంది. కాలనీలో పుట్టిన ఏ పిల్లయినా బాయి బట్టలకు వేరే బకెట్ పెడుతుంది. అవ్వకు ఎవరూ చెప్పలేదు. చీర బయటికి తీస్తే స్కూలు పలక రంగులో ఉంది.

బాపమ్మ చూసింది. నడుచుకుంటూ వచ్చింది. చెయ్యి లేపింది.

నాకు తెలిసింది అక్కడిదాకే. నేను అక్కడిదాకే రాశాను. ఇప్పుడు సీరియల్‌లో గాల్లో రెండు చేతులున్నాయి: ఇప్పటి అత్త చెయ్యి ఒకటి, ఆ అత్త కోడలిగా ఉన్నప్పటి అత్త చెయ్యి ఇంకోటి. కథ సార్ చదివి, "భలే ఉందయ్యా, చెయ్యిలో చెయ్యి!" అన్నాడు. చూసేవాళ్లు కూడా పెరిగారట. ఊటీ నుంచి వచ్చిన అమ్మాయి ఫోన్ చేస్తే, ఇంకో రెండు వారాలు విశ్రాంతి తీసుకోమని చెప్పాడు.

రెండో తేదీకి ముందురోజు మళ్లీ బాపు. "మీ అవ్వ కదుల్తలేదు. ఈసారి ఏం దించాలెనో నువ్వే అడుగు."

అవ్వ గొంతు మామూలుగా లేదు, పెద్ద ఆఫీసరు గొంతులా ఉంది. "గది నా కతనే గదా?"

"ఏది అవ్వా?"

"నటించకు. సైరన్ ఇని మూట పట్టుకొని ఉరికింది ఎవలు?"

"సైరన్ అందరికీ ఉంటది..."

"సైరన్ అందరికుంటది. మూట పట్టుకొని ఉరికింది నేనొక్కదాన్నే. నీకు చెప్పి తప్పు జేసిన. పక్కింటి వదినె అడిగింది, గీ పిల్ల జర నీ తీర్గనే ఉంది గదా అని. నేను తలకాయ ఊపిన. గా పిల్ల మంచిగనే ఉంది గని, గోర్లకు రంగేసుకొని బొగ్గు బట్టలు పిండుతదా ఎవలన్న? జర చెప్పు ఆమెకు."

"చెప్తా. రేపు దవఖానకు పోతున్నవా?"

"నా కత నడుస్తాంటే నేను పోయి కండ్లు మూసుకొని మంచంల పండాల్నా?"

ఇదివరకు చెయ్యి దిగితే గాని రానన్నది. ఇప్పుడు చెయ్యి దిగుతుందేమోనని రానంటోంది. ఒక మనిషిని రెండు వైపుల నుంచీ కట్టేయడం సీరియల్ రచయితలకే చేతనవుతుంది. నాలుగోవాడైనా సరే.

బాపు ఈసారి జ్వరం అనలేదు, మొదటి జ్వరాన్ని డాక్టరు నమ్మలేదు కాబట్టి. సంగతి సంగతిగా చెప్పాడు: టీవీలో ఒకామె చెయ్యి లేపింది, దించట్లేదు. డాక్టరు నవ్వలేదట. పొర ఇంకా గట్టిపడితే ఇక్కడ తాను చేయలేనని, ఉన్నది ఒక్క కన్నని, వచ్చే గురువారం రాకపోతే ఇక తన దగ్గరకు రావద్దని చెప్పాడట. ఆ మాట చెప్పేటప్పుడు బాపు గొంతు మామూలు మనుషుల గొంతంత తగ్గింది. మా ఇంట్లో అది మంచి గుర్తు కాదు.

కథ సార్ దగ్గరకు పోయి సెలవు అడిగాను.

"చెయ్యి ఎలా దించుతావో రాసిచ్చి వెళ్లు."

"తెలీదు సార్."

"నువ్వు లేపిన చెయ్యే కదయ్యా?"

"లేపడం వరకే నాది సార్. మిగతాది మా అమ్మను అడగాలి."

ఆయనకు నేను అమ్మ ఆశీర్వాదం అడిగి రాస్తానని అర్థమైనట్టుంది. కళ్లు చెమర్చి సెలవిచ్చాడు.

మంచిర్యాలలో బస్సు దిగి ఇంటికి పోయేసరికి అవ్వ జొన్న రొట్టెలు చేస్తోంది. రొట్టె తిప్పడానికి పెనం మీద చేత్తో తడుముతోంది. నేను చూసింది గమనించి, "గిది నాకు అలవాటే, ముప్పై ఏండ్ల సంది సూడకుంటనే తిప్పుతున్న," అంది. నాకు తెలిసినన్నాళ్లూ చూసే తిప్పేది.

గురువారం దవాఖానకు పోదామన్నాను. పోనంది. డాక్టరు మూడు రోజుల తర్వాత టీవీ చూడొచ్చన్నాడని చెప్పాను. పక్కింటి వదినె నలభై అన్నదంది. పక్కింటి వదినె గురించి నేనేదో అన్నాను. మంచంలో ఉన్న బాపు, "ఎవలు పోయిండ్రు?" అన్నాడు.

"ఎవలు పోలే! నువ్వు పండుకో," అని అరిచింది అవ్వ. తర్వాత పెనం దించి, నావైపు కాకుండా పొయ్యి వైపు చూస్తూ అన్నది: "ఎడమది ఎట్లనో పాయె. గిది గూడ కోసినంక తెర్వకపోతే? సీరియల్ కోసం అనుకుంటుర్రు మీరు. సీరియలే గని, చెయ్యి దిగిందో లేదో ఎవలు చెప్తరు నాకు? మీ బాపా? ఆయనకు ఇనరాదు. నాకు కనరాదు. ఇద్దరం కలిసి ఒక్క సీరియల్ సూడాలె ఇగ."

రొట్టె మాడుతున్న వాసన వచ్చింది. నేనే తిప్పాను. సరిగ్గా రాలేదు.

"ఒక్క ముచ్చట," అంది చివరికి. "చెయ్యి ఏమైతదో ముందుగాల్నే చెప్పు. ఇనిపోత. ఏమైనా గాని ఇగ."

"దవఖానల చెప్తా."

"ఒట్టా?"

"ఒట్టు."

గురువారం పొద్దున కారెక్కింది. ఆపరేషన్‌కు ముందు కంట్లో చుక్కలు వేస్తారు. వేసి, కళ్లు మూసుకుని వరండాలో కూర్చోమంటారు. కాసేపటికి మళ్లీ వచ్చి వేస్తారు. అవ్వ బల్ల మీద కూర్చుంది. అటు పక్కన బాపు, ఇటు పక్కన నేను. బాపు వినబడని చెవి మావైపు ఉంది.

అవ్వ కళ్లు మూసుకుంది. "ఇగ చెప్పు."

"నాకు తెల్వదు అవ్వా."

మూసిన కళ్లతోనే నావైపు తిరిగింది. ఆ చూపు కళ్లు తెరిచి ఉంటే ఇంకా బాగుండేది.

"నువ్వు చెప్పిన కాడికే నాకు ఎర్క. బాపమ్మ చెయ్యి లేపింది. ఎప్పుడు చెప్పినా గాడనే ఆపినవు," అన్నాను.

అది నిజం. నా చిన్నప్పుడు అవ్వ ఈ ముచ్చట ఎన్నిసార్లు చెప్పినా అక్కడే ఆగేది. ఎందుకంటే బాపమ్మ అదే గదిలో మంచం మీద ఉండేది. "గట్ల చెయ్యి లేపింది" అనగానే మంచంలోంచి దగ్గు వినబడేది. ఆ దగ్గే మా ఇంటి ప్రకటనల విరామం. అవ్వ లేచి పొయ్యి దగ్గరకు పోయేది. బాపమ్మ పోయాక కూడా అవ్వ అక్కడే ఆగేది. దగ్గు కోసం చూసేదేమో.

"అంటే తెల్వకుంటనే రెండు నెలలు లాగినవా?"

"తెల్వకనే లాగిన."

"గిదా నువ్వు జేసే కొలువు?" అంది. తర్వాత మొదలుపెట్టింది. మెల్లగా, బాపు వైపు వినబడకుండా. "గట్ల చెయ్యి లేపింది. నేను కండ్లు మూసుకున్న, గిట్లనే. పడుతదనుకున్న. పడలే. సైరన్ అచ్చింది."

"షిఫ్ట్ సైరనా?"

"షిఫ్ట్ యాళ్ల గాదది. బొగ్గు బాయిల యాళ్ల గాని యాళ్ల సైరన్ అంటే ఏందో నీకెర్క లేదా? కింద ఏమో అయిందని. మీ బాపు కిందనే ఉన్నడు. నాకు గప్పటికి తెల్వదు. నేను షిఫ్ట్ మారిందేమో, బియ్యం పెట్టాలెనేమో అనుకుంటున్న. మా అత్త మొఖం జూస్తే తెల్లగ పోయింది. చీర కంటే తెల్లగ."

నర్సు వచ్చింది. "అమ్మా, కన్ను తెరువు." చుక్కలు వేసి పోయింది. అవ్వ మళ్లీ కళ్లు మూసుకుంది.

"ఆఁ, ఏడున్న?"

"చీర కంటే తెల్లగ."

"గా లేపిన చెయ్యితోనే నా రెట్ట పట్టుకుంది. పట్టుకొని ఉరికింది. చెప్పులు లెవ్వు. నేను గుంజుకపోయిన బర్రె దూడ లెక్క ఎనుక. బాయి గేటు కాడ అందరాడోళ్లే. ఎవలు ఏడుస్తలేరు. గేటు దిక్కు సూస్తుర్రు. మా అత్త నా చెయ్యి ఇడువలే. ఎంత సేపని? గోర్లు దిగినయి. గీడ సూడు," అంటూ జాకెట్టు చెయ్యి పైకి జరిపింది. అక్కడ ఏమీ లేదు. ఉన్నట్టే తల ఊపాను.

"బాపుకు ఏమన్న అయిందా?"

"అయితే గీయన ఎవలు?" అంది బాపు వైపు గడ్డం ఎత్తి. బాపు ఎదుటి గోడ మీద కంటి బొమ్మను శ్రద్ధగా చూస్తున్నాడు. "ఎవలకు ఏం గాలే. సైరన్ ఒత్తేటాయన గోడ గడియారం ఆగిపోయిందట. ముందుకు నడిచే జేబు గడియారం జూసుకొని ఒత్తిండు, జల్ది ఒత్తిండు. గంతే. గేటు కాడ ఉన్న ఆడోళ్లందరు కలిసి గాయనను తిట్టిన తిట్లు నేను మా ఊర్ల ఇనలే. అన్ని నేర్సుకున్న."

మళ్లీ నర్సు వచ్చింది. ఈసారి చుక్కలు కాదు. "రామ్మా, లోపలికి." అవ్వ లేచింది. నర్సు ఆమె చెయ్యి పట్టుకుని నడిపిస్తోంది.

"ఇంటికి అచ్చినమా," అవ్వ నడుస్తూనే చెబుతోంది, "అత్త ఏం మాట్లాడలే, నేను ఏం మాట్లాడలే. ఇంట్లకు పోంగనే వాసన. పొయ్యి మీద అన్నం పూరాగ మాడింది."

తలుపు దగ్గరికి వచ్చేశారు. నేను అడగాల్సింది ఒక్కటే ఉంది. అడిగాను.

"కొట్టిందా అవ్వా?"

నర్సు కూడా ఆగింది.

"కొట్టకుంటదా?" అంది అవ్వ లోపలికి పోతూ. "అన్నం గూడ మాడె గదా!"

తలుపు మూసుకుంది. బాపు నావైపు తిరిగి, "ఏమంటుంది?" అన్నాడు. ఏం లేదన్నాను. బాపు మళ్లీ గోడ మీది కన్ను వైపు తిరిగాడు. ఆయన చెయ్యి బల్ల అంచును పట్టుకుని ఉంది, గట్టిగా. అవ్వ తిరిగొచ్చే దాకా వదల్లేదు.

ఆ బల్ల మీద కూర్చునే ఫోన్‌లో ఎపిసోడ్ రాసి పంపాను. సాయంత్రానికి కథ సార్ ఫోన్ చేశాడు. సైరన్ బాగుంది, పరుగు బాగుంది, మాడిన అన్నం చాలా బాగుందన్నాడు. "కానీ అంత జరిగాక కొట్టడమేంటయ్యా? కరిగిపోవాలి. కౌగిలించుకోవాలి."

"కొట్టింది సార్."

"ఎవరు?"

"అంటే, కొడితేనే బాగుంటుంది సార్."

చాలాసేపు బేరమాడాం. చివరికి గతంలోని చెయ్యి నాకు వదిలిపెట్టాడు, ఇప్పటి చెయ్యి తను ఉంచుకున్నాడు. గతంలో కొట్టుకోవచ్చు. ఇప్పటి అత్త మాత్రం అదంతా గుర్తుకొచ్చి, లేపిన చెయ్యితో కోడలి చెంప నిమరాలి. తొమ్మిది వారాలు గాల్లో ఉన్న చెయ్యి నిమరడానికి దిగుతుందంటే మా అవ్వ ఏమంటుందో నాకు తెలుసు. కానీ ఆమె కన్ను బాగుందని డాక్టరు చెప్పాడు కాబట్టి నాకు ఆ రోజు ఎవరితోనూ గొడవ పడబుద్ధి కాలేదు.

ఆ ఎపిసోడ్ వచ్చే రోజుకు నేను మళ్లీ ఇంట్లోనే ఉన్నాను. డాక్టరు టీవీ చూడొచ్చన్నాడు. అవ్వ పక్కింటి వదినె మాటే ఖాయం చేసుకుంది. నలభై రోజులు. కట్టు విప్పినప్పటి నుంచి తీయని నల్ల అద్దాలతో, టీవీకి వీపు పెట్టి, గోడ వైపు తిరిగి కూర్చుంది. మాటలు ఆమె వింటుంది, బొమ్మ బాపు చూసి చెప్పాలి. నేను చెబుతానంటే ఒప్పుకోలేదు. "నువ్వు రాసినోనివి, నీది నీకు మంచిగనే కనబడ్తది."

"చెప్పు ఇగ," అంది.

"గా పిల్ల ఉంది," అన్నాడు బాపు. "గా ముసలామె ఉంది. చెయ్యి లేపి ఉంది."

"గది నాకెర్కే! ఇంకా?"

టీవీలో సైరన్ మోగింది. ఇద్దరూ ఉరికారు. గేటు వచ్చింది. బాపు ఒక్కొక్కటీ చెబుతున్నాడు. చెబుతూ చెబుతూ నెమ్మదించాడు. "గీ సైరన్ ముచ్చట... గడియారం ఆగి జల్ది ఒత్తిండు గదా అప్పట్ల ఒకసారి? మేం బాయి కిందుండి నవ్వుకున్నం."

అవ్వ గోడ వైపు ఇంకాస్త జరిగింది.

టీవీలో ఆ ముసలామె ఇంటికి వచ్చింది. మాడిన గిన్నె చూసింది. కోడల్ని ఛెళ్లున కొట్టింది. ఆ చప్పుడు బాపుకు కూడా వినబడింది.

"కొట్టింది!" అన్నాడు. తర్వాత అవ్వ వీపు వైపు చూశాడు. "ఏందే... నిన్ను గిట్ల మా అవ్వ కొట్టిందా?"

"ముందు టీవీ సూడు. అసలు చెయ్యి ఇంకా దిగలే."

"కొట్టిందా, లేదా?"

"కొట్టింది."

"ఎప్పుడు?"

"ఎప్పుడంటే," అంటూ అవ్వ సర్దుకుని కూర్చుంది. ఆ సర్దుకోవడంలోనే గోడ వైపు నుంచి ఇటు తిరిగింది. తిరిగి, చెప్పడానికి వీలుగా నల్ల అద్దాలు నెత్తి మీదికి జరిపింది. నోరు తెరిచింది. బాపు మొహం చూసింది. ఆగిపోయింది.

"అయ్యో," అంది. "గిట్లయినవేందయ్యా? ఎప్పుడు ముసలోనివైనవు?"

"ఆఁ?"

"ముసలోనివైనవంటున్న!"

"ఎవలు, నేనా? నువ్వు సూసుకున్నవా అద్దంల?"

"నా ముచ్చట తర్వాత. గీ మీసం పక్క మచ్చ ఎప్పటిది?"

"గదా? గది ఎట్లయిందంటే..."

వాళ్లిద్దరి వెనక టీవీలో తొమ్మిదిమంది మొహాలూ మూడేసి సార్లు కనబడ్డాయి. పెళ్లి చేసుకుని, ఊళ్లు తిరిగి, విశ్రాంతి తీసుకుని వచ్చిన అమ్మాయి కళ్లనిండా నీళ్లు తెచ్చుకుంది. చెయ్యి దిగింది. మెల్లగా, నేను వద్దన్నా సరే, చెంప నిమిరింది.

మా ఇంట్లో అది చూసింది నేనొక్కడినే. ప్రకటనలు మొదలయ్యాక అవ్వకు గుర్తొచ్చింది. గబుక్కున అద్దాలు దించుకుని గోడ వైపు తిరిగింది.

"చెయ్యి ఏమాయె బిడ్డా?"

"దిగింది అవ్వా."

"కొట్టిందా?"

"కొట్టలే. నిమిరింది."

కాసేపు గోడ వైపే చూసింది. "తొమ్మిది వారాలు లేపి ఉంచితే ఏ చెయ్యి కొడ్తది?" అంది. "తిమ్మిరెక్కి ఉంటది పాపం." తర్వాత బాపు వైపు, తిరగకుండానే: "ఆఁ, చెప్పు. మచ్చ కాడ ఆగినవు."